పెద్దకర్మ నాటికి పాట పలకాలి

మార్కాపురంలో ఒకే దుకాణంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి బయటికి వచ్చినవాణ్ణి నేను. రేడియోలతో మొదలుపెట్టాను. తర్వాత టేపు రికార్డర్లు, టీవీలు, ఆఖర్న కంప్యూటర్లు. పింఛను లేని రిటైర్మెంటు కాబట్టి శాలువాలూ దండలూ ఏమీ లేవు. మా ఓనరు ఒక టెస్టర్ చేతిలో పెట్టి, "ఇంట్లో ఏదన్నా పాడైతే దీంతో చేసుకో, నా దుకాణానికి మాత్రం రావద్దు" అన్నాడు. మరునాడు పొద్దున్నే ఫోన్ చేసి టీకి రమ్మన్నదీ ఆయనే.

అలా టీకి పోయినప్పుడల్లా కొత్తగా చేరినవాళ్ళు నన్నొకటి అడుగుతుంటారు. ఇన్నేళ్ళలో అన్నిటికన్నా కష్టమైన రిపేరు ఏదని. పిడుగు పడి మాడిపోయిన బోర్డుల కథో, ఎలుకలు కాపురం పెట్టిన టీవీ కథో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది వేరే కథ. ఆ కేసులో ఒక్క స్క్రూ కూడా విప్పనక్కర్లేదు. నేను మాత్రం విప్పగలిగినవన్నీ విప్పాను. మీరు కూడా ఈ పనిలోకి వచ్చేవాళ్ళయితే కాస్త ఓపిగ్గా చదవండి. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేం అనుకోను.

ముందు మా దుకాణం మనుషుల గురించి చెప్పాలి. ఓనరును ఊరంతా భాయ్ అనేది, మేమూ అంతే. టంకం పెట్టడంలో ఆయన చేయి తిరిగినవాడు. మాట మాత్రం తక్కువ. ఏ మిషన్ వచ్చినా ముందు దాని పక్కన ఊరికే కూర్చుని టీ తాగేవాడు. "మిషన్‌తో ఏం మాట్లాడుతున్నావు భాయ్?" అని నేను ఎగతాళి చేస్తే, "వింటున్నా, మాట్లాడటం లేదు" అనేవాడు. కౌంటర్‌లో ఒక చెల్లెమ్మ ఉండేది. వచ్చినవాళ్ళ కంప్లైంటు చీటీ మీద రాసుకోవడం ఆమె పని. చీటీకి ముందువైపు జబ్బు రాసేది. వెనకవైపు, "పాడయ్యే ముందు మీ ఇంట్లో ఏం జరిగింది?" అని అడిగి ఆ జవాబు రాసేది. ఆ వెనకవైపు చదివితే నాకు నవ్వు ఆగేది కాదు. "కోడలు అలిగి పుట్టింటికి పోయింది" అని ఒక ఫ్రిజ్ చీటీ మీద ఉండేది. "పిల్లి ఈనింది" అని ఒక టేపు రికార్డర్ చీటీ మీద. నేను ఆమెను డాక్టరమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె చీటీలకు వెనకవైపు ఒకటుందని నేను మర్చిపోయి అప్పటికే చాలా ఏళ్ళయింది.

ఒక మధ్యాహ్నం ఒకామె దుకాణానికి వచ్చింది. అర్ధవీడు దాటాక నల్లమల వైపు వాళ్ళ ఊరు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. మిరప కోతలకూ కలుపులకూ కూలికి పోతుంది, ఆదివారం చర్చిలో పాటలు పాడుతుంది. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని. ఆమె పాటల పిచ్చి చూసి పాత కంప్యూటర్ ఒకటి, ఒక చిన్న మైకు కొని ఇంట్లో పెట్టాడు. ఇంట్లోనే పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకుని, చర్చిలో ఆడవాళ్ళ బృందానికి పాటలు తనే తయారుచేస్తుంది. ఆమె వచ్చేసరికి నేను ఒక ప్రింటర్‌లో తలదూర్చి ఉన్నాను. చెల్లెమ్మే అంతా అడిగి రాసుకుంది. నాకు చీటీ అందించి, "ఇది అర్జంటు అన్నా, రేపే పోవాలి" అంది.

చీటీ ముందువైపు చూశాను. "రికార్డు చేసిన పాట మళ్ళీ పెడితే సౌండు రావడం లేదు. ఎల్లుండి పెద్దకర్మకు కావాలి." అంతే చదివి జేబులో పెట్టుకున్నాను.

మరునాడు నా మోటార్ సైకిల్ మీద కంభం మీదుగా ఆ ఊరు చేరేసరికి పది దాటింది. ఊరి చివర వీధి అది. ఒక వరస గొర్రెలు కాసేవాళ్ళ ఇళ్ళు, ఎదురు వరస చర్చికి పోయేవాళ్ళ ఇళ్ళు. వీధి చాలా నిశ్శబ్దంగా ఉంది. పగటిపూట ఏ ఊళ్ళోనైనా ఏదో ఒక ఇంట్లో టీవీ మోగుతుంటుంది, అక్కడ అదీ లేదు. పని చేసుకోవడానికి ప్రశాంతంగా ఉంటుందిలే అని సంతోషించాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఆమె, ఆమె అత్త ఇద్దరే ఇంట్లో ఉన్నారు. కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, సంగతి చెప్పింది. ఎదురింట్లో గొర్రెలు కాసే పెద్దాయన ఉండేవాడు. వరసకు ఏమీ కాకపోయినా ఆమెకు మామ. ఆమె రికార్డింగ్ చేసుకుంటుంటే అరుగు మీద కూర్చుని, "తాళం తప్పినావు బిడ్డా" అని వంకలు పెట్టేవాడు. మంద వెంట నడుస్తూ పాడుకునే పాట ఒకటి ఆయనకు వాళ్ళ నాయన నుంచి వచ్చింది. ఎరువుకని మంద వేసిన చేలన్నీ, గొర్రెలకు నీళ్ళు దొరికిన చోట్లన్నీ అందులో వరసగా వస్తాయట. ఆయన తర్వాత అది పాడేవాళ్ళు లేరు. ఈమె బతిమాలగా బతిమాలగా ఒకరోజు ఒప్పుకున్నాడు.

"మైకు ముందర కూచోమంటే కూచోలేదన్నా. తలపాగా చుట్టుకుని, కర్ర పట్టుకుని నిలబడే పాడినాడు. పాడినాక పెట్టి వినిపిస్తే, ఇది నేను గాదు, ఇంకెవుడో ముసిలోడు అన్నాడు" అని చెబుతూ నవ్వింది. వెంటనే కళ్ళు తుడుచుకుంది. "ఆ నాలుగోనాడే నిద్రలో పోయినాడు. పాట పాడిన పొద్దు మా అత్త ఊర్లో లేదన్నా. ఆయన చెప్పినాడంట, నా పాట పెట్టెలో పడింది, పోయి విను అని. రోజూ వినే గొంతే గదా, రేపు వింటాలే అనిందంట."

ఇక్కడ అత్త అంటే ఆ పెద్దాయన భార్య. పెద్దకర్మ నాడు ఆమెకు, వచ్చిన చుట్టాలందరికీ ఆ పాట వినిపించాలని ఈమె పట్టుదల. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఆయన ఫోను వాడినవాడు కాదు, పెళ్ళిళ్ళ వీడియోల్లో కూడా ఎప్పుడూ దూరంగా కర్ర పట్టుకుని నిలబడి ఉండే మనిషే. ఉన్నది ఈ ఒక్క రికార్డింగే. అది పలకడం లేదు.

"నేనొచ్చినాగా, పలికిస్తాలే" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ కంప్యూటర్‌కు తెరగా గోడకు ఒక టీవీ ఉంది. పక్కన రెండు చిన్న స్పీకర్లు. సాఫ్ట్‌వేర్ తెరిచి పాట పెట్టాను. అలలు అలలుగా గీతలు కదులుతున్నాయి. శబ్దం ఎంతుందో చూపే పచ్చ గీత ఎగిరి ఎగిరి పడుతోంది. అంటే లోపల గొంతు ఉంది. బయటికి మాత్రం చీమ చిటుక్కుమన్నంత శబ్దం కూడా లేదు. స్పీకర్లు పోయాయేమోనని కంప్యూటర్‌లో ఉన్న వేరే పాట ఒకటి పెట్టాను. గణగణమని మోగాయి. లోపలి నుంచి ఆమె అత్త పరుగెత్తుకొచ్చింది.

"ఏం మనిషివయ్యా నువ్వు! ఎదురింట్లో దినం కాలేదు, నువ్వేంది పాటలు పెడతాండావు? వీధిలో ఒక్కరన్నా పెట్టినారా చూడు!"

తగ్గించి, తప్పయిందమ్మా అన్నాను. మనసులో మాత్రం విసుక్కున్నాను. సౌండు రిపేరుకు వచ్చినవాణ్ణి సౌండు పెట్టొద్దంటే పని ఎలా అవుతుంది? ఆ పెద్దావిడ అప్పుడే నాకు జబ్బు పేరు చెప్పింది. నాకు ఎక్కలేదు.

తర్వాత నా విద్య అంతా చూపించాను. హెడ్‌ఫోన్ పెట్టి చూశాను, లేదు. కంప్యూటర్ డబ్బా మూత విప్పాను. పిడికెడు దుమ్ము తీశాను. మా పనిలో ఏ జబ్బుకైనా మొదటి మందు ఒకటుంది, మెమరీ ముక్క బయటికి తీసి దాని పసుపు పళ్ళను రబ్బరుతో రుద్దడం. రుద్దాను. ఆమె చదువుకునే రోజుల నాటి రబ్బరు అది, సగం అరిగిపోయింది. లోపలి వైర్లన్నీ తీసి మళ్ళీ పెట్టాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ కొత్తగా వేశాను. పచ్చ గీత మళ్ళీ ఎగిరింది, శబ్దం మళ్ళీ లేదు.

పాట ఉన్న ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసి నా ఫోనులో పెట్టి చూశాను. తెరుచుకోనంది. నిజానికి ఆ రకం ఫైలు ఏ ఫోనులోనూ తెరుచుకోదు. దాన్ని సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే పాటగా మార్చి బయటికి తీయాలి. ఈ రోజుల్లో పదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. పాటల రికార్డింగ్ నా దారి కాదు, నాకు తెలియదు. తెలియదని ఒప్పుకునే వయసు దాటిపోయిందనుకున్నాను. ఫైలే చెడిపోయిందని నిర్ధారణ చేశాను.

"ఒక పని చేద్దాం చెల్లీ. మొత్తం ఫార్మాట్ కొట్టి కొత్తగా అన్నీ వేస్తా. ఒక్కోసారి అట్ల చేస్తే సరిపోతాది" అన్నాను.

"ఫార్మాట్ అంటే లోపల ఉండేదంతా తుడిచేసేదే గదన్నా?"

"ఫైలు ఎట్లాగూ పోయింది గదా."

"పోయిందని నువ్వంటాండావు. ఆ పచ్చగీత ఇంగా ఎగర్తానే ఉంది. వద్దన్నా. పలక్కపోయినా ఉండనీ" అని డబ్బాకు అడ్డంగా వచ్చి నిలబడింది.

మెకానిక్ మాట కాదంటే నాకు కోపం వస్తుంది. సామాను సర్దుకుంటుంటే గుమ్మంలో ఒక అవ్వ వచ్చి నిలబడింది. పెద్దాయన భార్య. సన్నగా, పొడుగ్గా ఉంది. లోపలికి రాలేదు, మైల కదా. అక్కడి నుంచే అడిగింది.

"పలికిందా నాయనా?"

తొందరలో ఉన్నాను, చిరాకులో ఉన్నాను. ఇంకో రోజు చూద్దామనో, భాయ్‌ని అడిగి చెబుతాననో అనొచ్చు. "లేదవ్వా. ఆ పాట పోయింది. ఇంగ రాదు" అనేశాను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. "పోనీలే నాయనా. మనిషే పోయినాడు, పాటదేముంది. ఎండన పడి వచ్చినావు, రొవ్వంత సంగటి తిని పో" అంది. తినలేదు. తినడానికి ముఖం చెల్లలేదు. దారిపొడుగునా ఆ సంగటి మాటే చెవిలో వినబడుతూ వచ్చింది.

మార్కాపురం చేరేసరికి పొద్దు వాలుతోంది. భాయ్ స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. చెల్లెమ్మ చీటీలు లెక్క చూసి కట్ట కడుతోంది. జరిగింది చెప్పాను. ఎంత కష్టపడ్డానో కూడా చెప్పాను, రబ్బరుతో సహా.

భాయ్ అంతా విని ఒకటే అడిగాడు. "అరే, సౌండు ఎప్పటి నుంచి పోయింది?"

"ఏమో భాయ్. అడగలే."

"చీటీ వెనక రాసినా గదన్నా" అంది చెల్లెమ్మ, తల ఎత్తకుండానే.

జేబులోంచి చీటీ తీశాను. చెమటకు మెత్తబడిపోయింది. వెనక్కి తిప్పాను. ఆమె గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "పాట రికార్డు చేసిన రోజు బాగా వినిపించింది. ఎదురింటి పెద్దాయన పోయినప్పటి నుంచి లేదు. చావు జరిగింది కాబట్టి వీధిలో ఎవరూ టీవీ సౌండు పెట్టడం లేదు."

భాయ్ ఆ చీటీ తీసుకుని చదివాడు. గ్లాసు కింద పెట్టాడు. "వాళ్ళింట్లో టీవీ ఏడుంది?"

"వాళ్ళకు టీవీ లేదు భాయ్. ఉన్న టీవీనే కంప్యూటర్‌కు తెరగా..."

ఆ వాక్యం నేను పూర్తి చేయలేదు. నాలుక కరుచుకున్నాను.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. కంప్యూటర్ నుంచి టీవీకి పోయే ఆ వెడల్పు మూతి కేబుల్లో బొమ్మ ఒక్కటే పోదు, శబ్దం కూడా పోతుంది. స్పీకర్లు కొనకముందు వాళ్ళకు ఏ పాటైనా టీవీ లోంచే వినిపించేది. తర్వాత స్పీకర్లు వచ్చాయి. కంప్యూటర్ తన పాటలన్నిటినీ స్పీకర్ల వైపు మళ్ళించింది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం తన దారి తాను వదలలేదు, శబ్దాన్ని టీవీకే పంపుతూ వచ్చింది. టీవీ, స్పీకర్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఏ పాట ఏ నోటి నుంచి వస్తోందో ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. పెద్దాయన పోయిన రోజున, ఆయన మీద గౌరవంతో, టీవీ సౌండు సున్నాకు తగ్గించారు. అంతే. రిపేరు చేయడానికి అక్కడ ఏమీ లేదు. సాఫ్ట్‌వేర్ తీసి వేసినా పాత సెట్టింగు అలాగే ఉండిపోయింది. సౌండు ఎటు పోవాలో చూపే వరసలో టీవీ కంపెనీ పేరు నేను కళ్ళారా చూశాను. అది తెర కదా అనుకుని దాటేశాను. ఇరవై ఏళ్ళు టీవీలు బాగుచేసి, వాటి స్పీకర్లు వందలకొద్దీ మార్చినవాణ్ణి నేను. టీవీకి నోరుందని మర్చిపోయాను.

వెంటనే ఆమెకు ఫోన్ చేశాను. అడవి అంచు ఊరు, సిగ్నల్ అందలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే.

"పొద్దున్నే పోదాం. నేనూ వస్తా" అన్నాడు భాయ్.

"నువ్వెందుకు భాయ్?"

"నువ్వు మళ్ళీ ఏం విప్పుతావో అని."

చెల్లెమ్మ చీటీల కట్టకు ముడి వేసింది. ఒక్క మాటైనా దెప్పిపొడవలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండింది. "డాక్టరమ్మా, నేను తప్పు చేసినా" అన్నాను. "చీటీ జాగ్రత్తన్నా, ఫైల్లో పెట్టాల" అంది.

మరునాడు కంభం దాటాక భాయ్ వెనక కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగాను.

"ఏం లేదు. నువ్వు అసలు పోకుండా ఉంటే ఏమయ్యేదా అని చూస్తున్నా. ఈ రోజు దినం అయిపోతుంది. రేపు వాళ్ళే టీవీ సౌండు పెంచేవాళ్ళు. పాట దానంతట అదే మోగేది. ఆ ఇంట్లో ఆ పాటకు ఉన్న డేంజర్ ఏదంటే నువ్వొక్కడివే."

బండి ఆపేసి నేను కూడా నవ్వాను. నవ్వాక భయమేసింది. ఆమె డబ్బాకు అడ్డం నిలబడకపోయి ఉంటే, ఆ పాట నా చేతుల్లోనే పోయేది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆ రోజు చేయబోయిన పని అది. దాన్ని ఆపింది మిషన్ గురించి ఏమీ తెలియని మనిషి, ఎగిరే పచ్చగీతను నమ్మిన మనిషి. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. తక్కినవన్నీ మీరే నేర్చుకుంటారు.

మేము పోయేసరికి కర్మ అయిపోయి భోజనాల వేళ అవుతోంది. పుల్లలచెరువు వైపు నుంచి, చంద్రశేఖరపురం వైపు నుంచి చుట్టాలు వచ్చి ఉన్నారు. వీధి నిండా తలపాగాలు, కర్రలు. నన్ను చూసి పాటలామె ఎదురొచ్చింది. మొహంలో ఏ ఆశా లేదు. చెవిలో సంగతి చెప్పాను. చేతిలోని నీళ్ళ బిందె కింద పెట్టేసి ఇంట్లోకి పరుగెత్తింది.

"అత్తా, టీవీ రిమోట్ యాడుంది?"

ఆమె అత్త ఎదురింటి విస్తళ్ళు కడుగుతోంది. అక్కడి నుంచే అంది. "ట్రంకుపెట్టెలో బట్టల కింద పెట్టినా. దినం కాలేదు, దాంతో ఏం పని?"

సంగతి చెప్పాం. పెద్దావిడ ఒప్పుకోలేదు. "అన్నం తినకముందే టీవీ మోగిస్తామా? రేప్పొద్దున ఈ వీధిలో తలెత్తుకుని తిరగాల్నా వద్దా? పదకొండు దినాలు నోరు కట్టుకున్న్యాం, ఈ ఒక్క పూట ఆగలేరా?"

ఆమెది తప్పని నేననను. ఎదురింటివాళ్ళ దేవుడు వేరు, ఈమె దేవుడు వేరు. అయినా ఆ ఇంటి దుఃఖానికి ఈమె ఇల్లు పదకొండు రోజులు మౌనంగా ఉంది. మావాళ్ళు, మీవాళ్ళు అనే తేడా ఎవరూ చూసుకోలేదు. అయితే నా ఓపిక నశించింది. భాయ్‌ని పక్కకు పిలిచి, "రిమోట్ అక్కర్లేదు భాయ్. రెండు నొక్కులు నొక్కితే స్పీకర్లలో మోగుతాది" అన్నాను.

"మోగుతుంది. అడక్కుండా మోగిస్తావా?" అన్నాడు భాయ్. "చావు వాళ్ళది. పోయి ఆ అవ్వను అడుగు. నిన్న లేదని చెప్పింది నువ్వే కదా, ఉందని కూడా నువ్వే చెప్పు."

ఎదురింటి చూరు కింద ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది అవ్వ. దగ్గరికి పోయి గొంతుక్కూర్చున్నాను. ఏ కస్టమర్ ముందూ అలా కూర్చోలేదు నేను.

"అవ్వా, నిన్న నేను చెప్పింది తప్పు. పాట పోలేదు, భద్రంగా ఉంది. నాకే తెలియలేదు. మామ పోయినాడని వీధిలో టీవీ సౌండు తగ్గించినారు. ఆయన పాట ఆ టీవీలోంచే రావాల. ఇప్పుడు పెట్టమంటే పెడతాం. వద్దంటే రేపు పెడతాం. నువ్వు ఎట్లంటే అట్ల."

అవ్వ ఒక్కసారి వీధి వైపు చూసింది. పాటలామె అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడి ఉంది. చుట్టాల్లో ఒక పెద్దమనిషి, "తినేదాకా ఆగుదాంలే" అన్నాడు.

"ఎవురి కోసరం ఆపినారు సౌండు? ఆయన కోసరమే గదా" అంది అవ్వ. గొంతు పెద్దది కాదు, కానీ అందరికీ వినబడింది. "మనమంతా ఆయన కోసరం నోరు మూసుకుని, ఆయన నోరు గూడా మూసినామే! తియ్యండి. మాట్లాడనీండి ఆయన్ను."

పాటలామె అత్తే గబగబా పోయి ట్రంకుపెట్టె తెరిచింది. చీరల కింద నుంచి రిమోట్ తీసి, కొంగుతో తుడిచింది. నా చేతికి ఇవ్వలేదు. తనే టీవీకి ఎదురుగా నిలబడి, తగ్గించిన చేత్తోనే పెంచుకుంటూ పోయింది. ఇంట్లో చోటు చాలక చుట్టాలు అరుగు మీద, వీధిలో, కిటికీ దగ్గర నిలబడ్డారు. అవ్వను మాత్రం పాటలామె చేయి పట్టి లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. నేను సాఫ్ట్‌వేర్ తెరిచాను. నొక్కాను.

ముందు ఒక దగ్గు. తర్వాత కర్ర నేల మీద తాటించిన చప్పుడు. "ఇంగ పాడొచ్చునా?" అని ఒక బొంగురు గొంతు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పాట మొదలైంది. నాకు సంగీతం తెలియదు. ఒకటి మాత్రం చెప్పగలను, ఆ పాటకు నడక ఉంది. వినేవాళ్ళ కాళ్ళు కదిలాయి. చేను పేరు వచ్చినప్పుడల్లా చుట్టాల్లో ఆ చేనువాళ్ళు తలూపారు. మధ్యలో ఏదో గొర్రె దగ్గరికి వచ్చి అరిచినట్టుంది, పెద్దాయన పాట ఆపకుండానే, అదే తాళంలో దాన్ని తిట్టాడు. అంతే, అంతసేపూ బిగపట్టుకుని నిలబడిన వీధి ఫక్కుమని నవ్వింది. పదకొండు రోజుల తర్వాత ఆ వీధిలో వచ్చిన మొదటి నవ్వు అదేనేమో. భాయ్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వింటున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

పాట అయిపోయింది. అయితే రికార్డింగ్ ఆగలేదు. పాటలామె ఆ రోజు ఆపడం మర్చిపోయినట్టుంది. పెద్దాయన అటూ ఇటూ కదిలిన చప్పుడు, తలపాగా విప్పుకుంటున్న చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత ఆయన మాట చాలా దగ్గరగా వచ్చింది.

"అయిందా బిడ్డా? ఇంగ పోతా. మీ అత్త మందకాడ ఒక్కతే ఉంటాది."

అవ్వ కొంగు దించింది. టీవీ వైపు చూసి, రోజూ గుమ్మంలోకి వచ్చే మనిషితో మాట్లాడినంత మామూలుగా చెప్పింది.

"నిదానంగా పో. తొందరేం లేదు. గొర్రెలన్నీ ఇంటికొచ్చినాయి."